దడుపు తీరని పిల్లలు, బడి చేయగల వైద్యం

(2020 మే 7 విషవాయు ప్రమాద మృతుల స్మృతిలో సింహాచలంలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ, ఈ కొండ దిగి గోపాలపట్నం వైపు సాగితే వచ్చే ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం ఎం-6 ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. 12 మంది చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. వందల మంది కేజీహెచ్‌లోనూ ఇతర ఆసుపత్రుల్లోనూ చేరారు. చనిపోయినవారి స్మృతిలో మాట్లాడవలసిన ఈ వేదిక మీద, ఆ రాత్రి బతికి బయటపడ్డ పిల్లల గురించి మాట్లాడదలచుకున్నాను. ఊపిరితిత్తులు కుదుటపడి, కళ్లమంటలు తగ్గి, ఇళ్లు కడుక్కుని మళ్లీ కాపురాలు మొదలుపెట్టాక కూడా పిల్లల్లో ఒక భయం మిగిలిపోతుంది. దానికి వైద్యం ఏమిటి, ఎక్కడ జరగాలి, ఎవరు చేయాలి? నేను చెప్పదలచింది ఒక్కటే. నెల గడిచినా భయం తగ్గని పిల్లలకు పనిచేసే చికిత్సలు ఉన్నాయి. అయితే ఆ పిల్లలు ఆసుపత్రి గడప తొక్కరు. అందువల్ల చికిత్సే వాళ్ల బడికి వెళ్లాలి. దాన్ని చేయడానికి బడిలో పాఠాల బాధ్యత లేని, శిక్షణ పొందిన మనిషి ఒకరు ఉండాలి.

ఆ రాత్రి పిల్లలకు ఏం జరిగిందో కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే చికిత్స దాని మీదే ఆధారపడుతుంది. ప్రమాదం నిద్రలో వచ్చింది. ప్రభుత్వం నియమించిన నీరభ్‌కుమార్ ప్రసాద్ కమిటీ తన నివేదికలో తేల్చినట్టు, కర్మాగారంలో సైరన్ ఉండి కూడా మోగలేదు. లేపినవాళ్లు ఇరుగుపొరుగువాళ్లు, లేదా సొంత దగ్గు. చీకట్లో పరుగెత్తిన పిల్లలు రోడ్డు మీద స్పృహ తప్పి పడిపోతున్న పెద్దవాళ్లను చూశారు. తెల్లారాక చచ్చిపడి ఉన్న పశువుల్ని, రంగు మారిన చెట్లను చూశారు. పెద్దవాళ్లకు ప్రమాదం ఒక సంఘటన. పిల్లలకు అంతకంటే పెద్ద నష్టం ఒకటి ఉంది: తమను కాపాడాల్సిన నాన్న, అమ్మ, మామయ్య నిస్సహాయంగా కూలిపోవడం కళ్లారా చూడటం. అమ్మ చేయి పట్టుకుంటే ఏమీ కాదన్న నమ్మకం మీదే పసివాడి లోకం నిలబడి ఉంటుంది. ఆ నమ్మకం ఒక్క రాత్రిలో కదిలిపోయింది. ఆ తర్వాతి రాత్రి మళ్లీ లీకవుతోందన్న మాట పుట్టి, చుట్టుపక్కల కాలనీలన్నీ మరోసారి రోడ్డున పడ్డాయి. జనం ఇళ్లకు చేరాక భయం పోగొట్టడానికి మంత్రులు ఆ ఊళ్లలో రాత్రి బస చేశారు. రాత్రిని చూసి జనం భయపడుతున్నారని ప్రభుత్వం కూడా గుర్తించిందనడానికి అది సాక్ష్యం. కానీ ఆ బస ముగిశాక కూడా పిల్లలకు రాత్రులు వస్తూనే ఉంటాయి.

దీనికి తోడు కాలం కలిసిరాలేదు. లాక్‌డౌన్ వల్ల మార్చి నుంచే బడులు మూతపడ్డాయి. రాష్ట్రంలో 9, 10 తరగతులకు బడి మళ్లీ తెరుచుకున్నది నవంబరు 2న. ఆపద తర్వాత పిల్లవాడిని మామూలు బతుకులోకి తీసుకొచ్చేవి ఏవి? పొద్దున్నే లేవడం, స్నేహితులు, టీచరు పిలిచే హాజరు, మధ్యాహ్న భోజనం, ఆట. వెంకటాపురం, నందమూరినగర్, పద్మనాభనగర్ పిల్లలకు ఇవన్నీ ఒక్కసారే లేకుండా పోయాయి. ప్రమాదం జరిగిన ఇంట్లోనే, ఆ వాసన వచ్చిన గదిలోనే వాళ్లు నెలల తరబడి ఉండిపోయారు. ప్రపంచంలో పారిశ్రామిక ప్రమాదాల గురించి రాసిన పుస్తకాల్లో ఇలాంటి పరిస్థితి అరుదు. మన పిల్లల మీద పడ్డ భారం ఎంతో తూచేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

మానసిక ఆఘాతం అనగానే మనకు ఏడ్చే పిల్లవాడు గుర్తొస్తాడు. చాలాసార్లు అది అలా కనిపించదు. అయిదారేళ్ల పిల్లలు మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలుపెడతారు, అమ్మ కొంగు వదలరు, జరిగిన ప్రమాదాన్నే ఆటగా మళ్లీ మళ్లీ ఆడుకుంటారు. ఎనిమిది, పదేళ్ల వాళ్లు కడుపునొప్పి, తలనొప్పి అంటారు, బడికి వెళ్లనంటారు. పద్నాలుగేళ్ల కుర్రాడు కోపిష్టి అవుతాడు, ఇంట్లో ఉండడు, చదువు మీద మనసు పెట్టడు, రేపు ఏమవుతుందో ఎవరికి తెలుసు అన్నట్టు బండి నడుపుతాడు. ఆడపిల్లలు ఎక్కువగా మౌనమైపోతారు, ఇంటి పని ఇంకా శ్రద్ధగా చేస్తారు, అందువల్ల ఎవరి దృష్టికీ రారు. వీటన్నిటి వెనుక నాలుగు విషయాలుంటాయి. జరిగింది పీడకలగానో మెలకువలోనే కళ్లముందుకో పదేపదే రావడం. దాన్ని గుర్తుచేసే చోటు, వాసన, మాట అన్నిటినీ తప్పించుకు తిరగడం. తన మీదా లోకం మీదా నమ్మకం చెడిపోవడం. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడేంత అప్రమత్తత. నెల దాటినా ఇవి తగ్గక, చదువునీ ఇంటినీ పాడుచేస్తుంటే వైద్యులు దాన్ని పీటీఎస్‌డీ అంటారు. మన ఇళ్లలో పిల్లవాడు దడుసుకున్నాడంటారు. పేరు ఏదైనా, దాన్ని గట్టిగా నిలబెట్టేది ఆ తప్పించుకు తిరగడమే. కర్మాగారం రోడ్డులో వెళ్లకుండా చుట్టు తిరిగి వెళ్లిన ప్రతిసారీ పిల్లవాడికి ఆ పూట ఊరట కలుగుతుంది. ఆ ఊరటే భయం నిజమేనని అతనికి నేర్పుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. పిల్లలు త్వరగా మరిచిపోతారు, కాలమే మందు, మనం కదిలించకపోతే వాళ్లే తేరుకుంటారు అని. ఇందులో సగం నిజం. ఎక్కువ మంది పిల్లలు ఏ వైద్యమూ లేకుండానే కోలుకుంటారు, ఆ మాట ధైర్యంగా చెప్పాలి. మిగతా సగం సంగతి మన పొరుగు రాష్ట్రమే చెబుతోంది. 1999 ఒడిశా మహాతుపాను తర్వాత ఏడాదికి నీలమాధవ్ కర్, ఆయన సహచరులు 447 మంది పిల్లల్ని, కౌమారుల్ని పరీక్షించారు. 30.6 శాతం మందిలో పీటీఎస్‌డీ పూర్తి స్థాయిలో కనిపించింది, మరో 13.6 శాతం మంది దాని అంచున ఉన్నారు. ఏడాది కాలం వాళ్లకు మందుగా పనిచేయలేదు. అంతకంటే దీర్ఘమైన సాక్ష్యం వేల్స్ దేశంలోని ఆబర్‌ఫాన్. 1966 అక్టోబరు 21న బొగ్గుగని వ్యర్థాల గుట్ట జారి ఒక ప్రాథమిక పాఠశాల మీద పడి 116 మంది పిల్లలు చనిపోయారు. అదీ పరిశ్రమ తెచ్చిపెట్టిన ప్రమాదమే. అప్పుడు బతికిన పిల్లల్ని 33 ఏళ్ల తర్వాత వెతికి పరీక్షిస్తే, 29 శాతం మందిలో అప్పటికీ పీటీఎస్‌డీ ఉంది. వాళ్లు అప్పటికి నలభై ఏళ్ల అటూ ఇటూ ఉన్న మనుషులు. పిల్లల్ని కన్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు. కాలమే మందు అనుకుంటే 33 ఏళ్లు సరిపోని రోగులు వీళ్లు.

అలాగని ప్రమాదం జరిగిన మర్నాడే పిల్లలందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పమనడం వైద్యం కాదు. ఒకప్పుడు అదే మంచిదనుకున్నారు. ఆపద నుంచి బయటపడ్డవారిని ఒక్క విడతలో కూర్చోబెట్టి, అనుభవాన్నంతా కక్కించే పద్ధతి లోకమంతా వ్యాపించింది. 2002లో కోక్రేన్ సమీక్ష ఆ ప్రయోగాలన్నిటినీ జల్లెడపట్టి, దానివల్ల మేలు కనిపించలేదని, కొందరికి కీడు కూడా జరిగి ఉండవచ్చని తేల్చింది. దాని స్థానంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని తెచ్చింది. దాని సారం చాలా సాదాసీదాగా ఉంటుంది. నీళ్లు, అన్నం, దుప్పటి ఇవ్వాలి. పిల్లవాడిని తల్లిదండ్రుల దగ్గరకు చేర్చాలి. తనంతట తాను మాట్లాడితే వినాలి, మాట్లాడకపోతే గుచ్చి అడగకూడదు. ఏం జరిగిందో, ఇప్పుడు ఎక్కడ ఉన్నామో నిజం చెప్పాలి. దీనికి డాక్టరు అక్కర్లేదు. ఆశా కార్యకర్త, వార్డు సచివాలయ ఉద్యోగి, ఆటో డ్రైవరు ఎవరైనా నేర్చుకోవచ్చు. ఇంకొక జాగ్రత్త ఉంది. నిద్ర పట్టని పిల్లవాడికి నిద్రమాత్ర వేయడం మన దగ్గర మామూలు. మొదటి నెలలో పిల్లలకు అలాంటి మందులు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. నిద్రలో ప్రాణం మీదికి వచ్చిన ఊరి పిల్లవాడికి నిద్రంటే భయం ఉండటం సహజం. వాడి పక్కన ఒక పెద్దమనిషి మేలుకుని కూర్చోవడం మాత్ర కంటే మెరుగు.

నెల గడిచాక మిగిలే పిల్లల కోసమే అసలు చికిత్స. ఇక్కడ చేతిలో ఉన్న సాక్ష్యం బలమైనది. అమెరికాలో జుడిత్ కోహెన్, ఆంథొనీ మానరినో, ఎస్తర్ డెబ్లింగర్ రూపొందించిన పద్ధతిని ఆఘాత కేంద్రిత ప్రవర్తనా చికిత్స అనవచ్చు. వారానికొకసారి చొప్పున పన్నెండు నుంచి పదహారు వారాలు పడుతుంది. మొదట భయం శరీరంలో ఎలా పనిచేస్తుందో పిల్లవాడికి, తల్లిదండ్రులకు వివరిస్తారు. ఊపిరిని అదుపు చేయడం, కండరాలను సడలించడం నేర్పుతారు. మనసులోని భావాలకు మాటలు ఇవ్వడం నేర్పుతారు. అప్పుడు గాని ఆ రాత్రి కథ దగ్గరికి వెళ్లరు. కొంచెం కొంచెంగా, పిల్లవాడు తట్టుకోగలిగినంతే, ముందు నుంచి చివరిదాకా చెప్పిస్తారు. బొమ్మలు గీయవచ్చు, రాయవచ్చు. కథలో పిల్లవాడు తన మీద వేసుకున్న నిందల్ని వెతుకుతారు. చెల్లెల్ని వదిలేసి పరుగెత్తాను, నేను లేపి ఉంటే తాతయ్య బతికేవాడు లాంటివి. ఆపదల్లో పిల్లలు ఇలాంటి నేరాలు తమ మీద మోపుకోవడం ఎంత ఎక్కువో ఈ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. చివరగా తల్లిదండ్రుల ముందు ఆ కథ చెప్పిస్తారు. అప్పటిదాకా ఇంట్లో ఒకరికొకరు దాచుకున్న భయం మొదటిసారి బయటికొస్తుంది. తప్పించుకున్న రోడ్డును తోడుగా ఒకరుండగా మళ్లీ నడిపిస్తారు. గాయాన్ని కెలకడం మంచిది కాదనే మాటకు జవాబు ఈ క్రమంలోనే ఉంది: ముందు భద్రత, తర్వాత నేర్పు, ఆ తర్వాతే జ్ఞాపకం. ఒక్క రోజులో కక్కించడానికీ దీనికీ పోలిక లేదు.

మన వాతావరణానికి దగ్గరైన సాక్ష్యం ఇంకొకటి ఉంది. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఈశాన్య శ్రీలంక శిబిరంలో కటానీ, ఆమె సహచరులు పీటీఎస్‌డీ లక్షణాలున్న 31 మంది పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు జీవితకథను వరుసగా చెప్పించే చికిత్స, రెండో జట్టుకు ధ్యానం, విశ్రాంతి పద్ధతులు. రెండూ ఆరేసి విడతలు, చేసినవాళ్లు శిక్షణ పొందిన స్థానిక సలహాదారులు. ఆరు నెలల తర్వాత మొదటి జట్టులో 81 శాతం, రెండో జట్టులో 71 శాతం పీటీఎస్‌డీ నుంచి బయటపడ్డారు. చికిత్సే అందని మూడో జట్టు లేదు గనుక ఆ బాగుపడటంలో కాలం వంతు ఎంతో చెప్పలేం, పిల్లల సంఖ్య కూడా చిన్నది. అయినా రెండు విషయాలు నాకు ముఖ్యంగా తోస్తాయి. ఆ పని స్థానికులు చేయగలిగారు. ధ్యానమూ ఊపిరీ జీవితకథ చికిత్సకు పెద్దగా తీసిపోలేదు. పాశ్చాత్య వైద్యం మన పిల్లలకు పనికిరాదు, మన భక్తి, మన కుటుంబం చాలు అనే పెద్దలకు ఇది చెప్పాలి. నిజానికి ఎవరూ ఆ రెండిట్లో ఒకటే ఎంచుకోమనడం లేదు. సింహాద్రి అప్పన్న సన్నిధిలో కూర్చుని నెమ్మదించిన మనసు నెమ్మదించినట్టే. దడుపుకి తాయెత్తు కట్టించే అమ్మమ్మ పిల్లవాడి భయాన్ని ఇంట్లో అందరికంటే ముందు గుర్తించిన మనిషి కూడా. ఆమెను ఎగతాళి చేసే వైద్యుడి మాట ఆ ఇంట్లో ఎవరూ వినరు. తాయెత్తు కట్టాక కూడా మూడు నెలలుగా పిల్లవాడు నిద్రపోకపోతే ఆమే అతన్ని తీసుకురావాలి, ఆ నమ్మకం ఆమెకు మనం కలిగించాలి.

ఇప్పుడు అసలు వాదన దగ్గరికి వస్తాను. చికిత్స ఉన్నా పిల్లవాడు దాని దగ్గరికి చేరకపోతే లాభం లేదు. 2005 కత్రీనా తుపాను తర్వాత పదిహేను నెలలకు న్యూ ఆర్లియన్స్‌లో లీసా జేకాక్స్ బృందం ఈ ప్రశ్ననే పరీక్షకు పెట్టింది. లక్షణాలున్న పిల్లల్లో కొందరికి బడిలో బృంద చికిత్స, మరికొందరికి క్లినిక్కులో ఒక్కొక్కరికి విడివిడిగా చికిత్స కేటాయించారు. రెండు చోట్లా చికిత్స పొందినవాళ్లకు మేలు జరిగింది. కానీ బడికి కేటాయించినవారిలో 98 శాతం మంది చికిత్స మొదలుపెడితే, క్లినిక్కుకు కేటాయించినవారిలో 37 శాతమే అక్కడికి వెళ్లి మొదలుపెట్టారు. పరిశోధకులే వెంటపడి, ఖర్చు భరించి పిలిచిన చోట ఇది పరిస్థితి. మన సంగతి చూడండి. వేపగుంట నుంచి పెదవాల్తేరు మానసిక వైద్యశాలకు పిల్లవాడిని తీసుకెళ్లాలంటే రెండు బస్సులు మారాలి, తండ్రి ఒక రోజు కూలి వదులుకోవాలి. పన్నెండు వారాలంటే పన్నెండు కూలి రోజులు. పైగా ఆ ఆసుపత్రి పేరు చెబితే పెళ్లి సంబంధాలు పోతాయన్న భయం ఆడపిల్లల తల్లికి ఉంటుంది. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేల్చింది. చికిత్స అవసరమైనవారిలో అత్యధికులకు అది అందడం లేదని కూడా చెప్పింది. ఇది ఏ విపత్తూ లేని రోజుల లెక్క.

బడిలో వైద్యం అనగానే ఉపాధ్యాయులు అడ్డుపడతారు, వాళ్ల మాట వినదగ్గది. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం ఫొటోలు, ఎన్నికల విధులు. వీటి మధ్య ఇది కూడానా అని. వాళ్ల అభ్యంతరానికి బిహార్ నుంచి గట్టి మద్దతు ఉంది. నలందా జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో విక్రమ్ పటేల్ తదితరులు సెహెర్ పేరుతో పెద్ద ప్రయోగం చేశారు, ఫలితాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయులతో, కొన్ని బడుల్లో ఆ పని కోసమే నియమించిన సాధారణ సలహాదారులతో నడిపించారు. సలహాదారులున్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, కుంగుబాటు, బెదిరింపులు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన బడుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది ఉపాధ్యాయుల తప్పు కాదు. మార్కులు వేసే మనిషికి, తల్లిదండ్రులకు ఫిర్యాదు చేయగల మనిషికి పిల్లవాడు తన మనసు విప్పడు. అందుకే ప్రత్యేకంగా ఒక మనిషి కావాలంటున్నాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సోషల్ వర్క్, సైకాలజీ చదివిన యువతీయువకులు ఈ నగరంలోనే ఉన్నారు. వాళ్లకు ఈ చికిత్సలో శిక్షణ ఇచ్చి, నెలనెలా ఒక మానసిక వైద్యుడు పర్యవేక్షిస్తే, గోపాలపట్నం, వేపగుంట, అడవివరం, ప్రహ్లాదపురం బడులకు నలుగురైదుగురితో పని మొదలుపెట్టవచ్చు.

ఈ పని తేలికని నేను అనడం లేదు. శ్రీలంకలోనే యుద్ధ బాధిత పిల్లల కోసం బడుల్లో జరిపిన మరో పెద్ద ప్రయోగంలో, 2012లో వీట్సే టోల్ బృందం ప్రచురించిన దానిలో, కొందరికి మేలు జరిగినా చికిత్స తీసుకున్న ఆడపిల్లల్లో పీటీఎస్‌డీ లక్షణాలు తీసుకోనివాళ్లంత వేగంగా తగ్గలేదు. ఈ ఫలితాన్ని దాచి బడి వైద్యాన్ని పొగడటం నిజాయితీ కాదు. దాని నుంచి నేర్చుకోవలసింది ఉంది. తరగతి మొత్తాన్ని కూర్చోబెట్టి అందరికీ ఒకే మందు పోయకూడదు. తనంతట తాను కోలుకుంటున్న పిల్లను కదపకూడదు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లల కోసం ఎనిమిది ప్రశ్నల పరీక్ష ఒకటి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఆ ప్రశ్నలకు పది నిమిషాలు చాలు. విపత్తు జరిగిన నెలకు ఒకసారి, మూడు నెలలకు మరోసారి, ఏడాదికి ఇంకోసారి దాన్ని అడిగి, వరసగా రెండుసార్లు ఎక్కువ మార్కులు వచ్చిన పిల్లలకే చికిత్స మొదలుపెట్టాలి. ఆడపిల్లలతో ఆడమనిషే పనిచేయాలి. అంతటితో తగ్గని పిల్లలు, చనిపోవాలన్న ఆలోచన చెప్పే పిల్లలు ఆ రోజే కేజీహెచ్‌కో పెదవాల్తేరుకో వెళ్లాలి, వాళ్ల వెంట బడి మనిషే వెళ్లాలి.

నాకు అన్నిటికంటే కష్టమైన అభ్యంతరం ఇంకొకటి. ఈ చికిత్సలన్నీ ప్రమాదం ముగిసిపోయిందన్న లెక్క మీద నడుస్తాయి. పిల్లవాడికి నువ్వు ఇప్పుడు క్షేమంగా ఉన్నావని చెప్పాలి. విశాఖలో ఆ మాట ఎలా చెప్పగలం? 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీ పేలింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీదే తీరం దాటింది. వెంకటాపురం ప్రమాదం జరిగిన మూడు నెలలకే, 2020 ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది చనిపోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మా కర్మాగారంలో 17 మంది. 2025 ఏప్రిల్ 30న, చందనోత్సవం నాటి తెల్లవారుజామున, ఈ కొండ మీదే వానలో గోడ కూలి క్యూలో ఉన్న ఏడుగురు భక్తులు చనిపోయారు. అబద్ధపు భరోసా ఇచ్చే సలహాదారుణ్ని ఈ ఊరి పిల్లవాడు నమ్మడు, నమ్మకూడదు కూడా. అయితే చికిత్స చేసే పని భయాన్ని తుడిచేయడం కాదు. గాల్లో ఏదో ఒక వాసన తగలగానే మే 7 రాత్రిలో పడిపోయే స్థితి నుంచి, ఇది దేని వాసన, సైరన్ మోగిందా, గాలి ఎటు వీస్తోంది, ఎటు వెళ్లాలి అని ఆలోచించగల స్థితికి పిల్లవాణ్ని తేవడం. అది జరగాలంటే బయట కూడా మార్పు రావాలి. మోగే సైరన్లు, బడిలో ఏడాదికి రెండుసార్లు తరలింపు అభ్యాసం, ఏ కర్మాగారంలో ఏ రసాయనం నిల్వ ఉందో చుట్టుపక్కల వాళ్లందరికీ తెలియడం. ఇవి పరిశ్రమల శాఖ పనులని మనం అనుకుంటాం, కానీ భయపడ్డ పిల్లవాడి వైద్యంలో ఇవీ భాగమే. కర్మాగారాన్ని జనావాసాలకు దూరంగా తరలించాలని నీరభ్‌కుమార్ ప్రసాద్ కమిటీ చేసిన సూచనను ఆ ఊరి పిల్లల వైపు నుంచి చదవండి. వాళ్లకు అంతకంటే మంచి మందు చీటీ ఉండదు.

డబ్బు సంగతి. ప్రమాదం తర్వాత ప్రభుత్వం మృతుల కుటుంబాలకు కోటి రూపాయలు, వెంటిలేటరు మీద ఉన్నవారికి 10 లక్షలు, ఆసుపత్రిలో చేరినవారికి లక్ష, ప్రాథమిక చికిత్స పొందినవారికి 25 వేలు, ఆ ఊళ్లలోని ఒక్కొక్కరికి 10 వేలు ప్రకటించింది. అది పెద్ద సాయమే. కానీ ఆ శ్రేణులు ఆసుపత్రి మంచాన్ని బట్టి కట్టినవి. ఏడాది తర్వాత బడి మానేసిన పదమూడేళ్ల పిల్లకు వాటిలో చోటు లేదు, ఎందుకంటే ఆమె ఏ ఆసుపత్రిలోనూ చేరలేదు. భోపాల్ విషవాయు ప్రమాదం తర్వాత కూడా మొదట శరీరాలకే లెక్క కట్టారు. అక్కడ మానసిక బాధ ఎంత విస్తారంగా ఉందో ఆర్. శ్రీనివాసమూర్తి వంటి మానసిక వైద్యులు చూపించి, మామూలు వైద్యాధికారులకు శిక్షణ ఇవ్వవలసి వచ్చింది. ఇక ముందు ఏ ప్రమాద నష్టపరిహారంలోనైనా, కంపెనీ కట్టే సొమ్ములో ఒక భాగాన్ని ఆ ప్రాంతపు బడుల్లో అయిదేళ్లపాటు సలహాదారుల జీతాలకు కేటాయించాలని నా వాదన. తలకింత అని చేతికిచ్చే నోట్లు అవసరాలకు కరిగిపోతాయి. ఇది బడిలో ఉండిపోతుంది.

చట్టం ఇప్పటికే ఒక తలుపు తెరిచింది, అదీ విశాఖ నుంచే. 2023లో ఈ నగరంలో నీట్ శిక్షణకు వచ్చి, వసతిగృహంలో ఉంటూ చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. మానసిక ఆరోగ్యం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమంటూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఒప్పందం చేసుకోవాలి. సిబ్బంది మొత్తానికి ఏడాదికి రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇవ్వాలి. ఆ తీర్పు ఆత్మహత్యల నివారణ కోసం వచ్చింది, విపత్తుల కోసం కాదు. కానీ ఆ కౌన్సెలర్ కుర్చీ, ఆ శిక్షణ రెండిటికీ ఒకటే. దేశంలో ఎక్కడైనా ఆ తీర్పు ముందుగా, పూర్తిగా అమలు కావలసిన చోటు ఏదైనా ఉంటే అది ఈ నగరమే. కార్పొరేట్ కాలేజీలు పేరుకు ఒకరిని పెట్టి, అతని చేత అడ్మిషన్లు చేయించకుండా జిల్లా యంత్రాంగం చూడాలి. ఆ కౌన్సెలర్లకు పరీక్షల ఒత్తిడితో పాటు ఆఘాత చికిత్స కూడా నేర్పాలి.

చివరి అభ్యంతరం గోప్యత గురించి. పిల్లల పేర్లు జాబితాలకెక్కితే వాళ్ల మీద ముద్ర పడదా? పడుతుంది, ఆ జాబితా హెడ్మాస్టరు బల్ల మీద ఉంటే. అది కౌన్సెలర్ దగ్గర, ఆసుపత్రి కేసుషీటంత భద్రంగా ఉండాలి. బడి మారినప్పుడు తల్లిదండ్రుల అనుమతితో మాత్రమే కొత్త చోటికి వెళ్లాలి. ఈ ఏర్పాటు లేకపోవడం వల్ల ఏం జరిగిందో లెక్క వేయండి. 2020 వేసవిలో అయిదో తరగతి ముగించిన వెంకటాపురం పిల్లలు 2025లో పదో తరగతి పరీక్షలు రాశారు. అప్పుడు పదో తరగతిలో ఉన్నవాళ్లు డిగ్రీలకో, ఇంజినీరింగు కాలేజీలకో, గాజువాక, పరవాడ కర్మాగారాల్లో ఉద్యోగాలకో వెళ్లిపోయారు. వాళ్లలో ఎవరికి సాయం కావాలో ఇవాళ ఏ సంస్థకూ తెలియదు. అందుకని నా ప్రతిపాదన ఈ ఏడాది నుంచే మొదలవుతుంది. గోపాలపట్నం, పెందుర్తి, సింహాచలం పరిధిలోని ప్రతి జూనియర్ కాలేజీలో, ప్రతి డిగ్రీ కాలేజీలో సుప్రీంకోర్టు చెప్పిన ఆ కౌన్సెలర్ చేరిన మొదటి నెలలోనే, ఆ రాత్రి ఆ ఊళ్లలో ఉన్న విద్యార్థులను ఒక్కొక్కరినే, వాళ్లు ఒప్పుకుంటేనే, ఆ ఎనిమిది ప్రశ్నలు అడగాలి. మార్కులు ఎక్కువ వచ్చినవారికి కాలేజీలోనే పన్నెండు వారాల చికిత్స ఇవ్వాలి. చదువు దాటి కర్మాగారాల్లో చేరినవారికి ఫోనులో మానసిక సాయం అందించే టెలిమానస్ నంబరు 14416 ఉంది. అది తెలుగులో పలుకుతుంది, ఏ గంటలో చేసినా పలుకుతుంది, తెల్లవారుజామున మూడు గంటలకైనా.